తిట్లకు తాళం

ఈ భూమ్మీద ఫిర్యాదు లేని మనిషంటూ ఉండడు. ఒకవేళ ఉన్నాడంటే అతణ్ణి ఎవరో భయపెట్టి ఉంటారు. ఈ మహాసత్యాన్ని కనిపెట్టింది బాధ్యతాయుత ఆతిథ్య ప్రమాణాల మండలి. ఇన్ని వేల ఏళ్లుగా ఇది ఎవరికీ ఎందుకు తట్టలేదో తెలియదు. (అడవిలో తపస్సు చేసుకునేవాళ్లకు తట్టి ఉండొచ్చు గాని, రాసి వేయడానికి వాళ్ల దగ్గర ఫిర్యాదు పెట్టె లేదు.)

మండలి ఆఫీసు మదనపల్లెలో టమోటా మార్కెట్టుకు పోయే దారిలో, ఒక ఎరువుల కొట్టు పైన ఉంది. కింద యూరియా దొరుకుతుంది, పైన బాధ్యత దొరుకుతుంది. రెండింటికీ ఆధార్ కార్డు జిరాక్సు కావాలి. యాత్రికులు దిగే లాడ్జీలు, కాటేజీలు, హోంస్టేలు పనివాళ్లతో న్యాయంగా ఉంటున్నాయా, నీళ్లు పొదుపుగా వాడుతున్నాయా, చుట్టుపక్కల మనుషుల్నీ పశువుల్నీ గౌరవంగా చూస్తున్నాయా అని పరిశీలించి, బాగుంటే ఒక పచ్చాకు బొమ్మ, మరీ బాగుంటే మూడు ఇవ్వడం మండలి పని. గదులు బుక్ చేసుకునే యాప్‌లో ఆ ఆకు ఇంటి పేరు పక్కన కనిపిస్తుంది. ఉగాది దాటాక ఆకు లేని ఇల్లు యాప్‌లో ఉండదని రూలు వచ్చింది. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, కరెంటు బిల్లు కూడా వస్తుంది. లోకానికి మాత్రం కనిపించదు.

ఆ రూలుతో గుండెలో రాయి పడినవాళ్లలో మునియమ్మ ఒకతె. బి.కొత్తకోట నుంచి హార్స్‌లీ కొండకు పోయే దారి పక్క పల్లెలో ఆమెకు నాలుగు గదుల హోంస్టే ఉంది. ఆమె భర్త గంగప్ప మదనపల్లెలో ఒక కాలేజీలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి, రిటైరైనప్పుడు చేతికొచ్చినదంతా ఆ నాలుగు గదులకే పెట్టాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు ఉష ఫోటోలు తీసి యాప్‌లో పెట్టింది. వారం చివర బెంగళూరు నుంచి కుటుంబాలు వస్తాయి, వేరుశనగ చేను చూస్తూ పడుకుంటాయి, రాగిసంగటి, రోట్లో నూరిన వేరుశనగ పచ్చడి ఊరిబిండి తిని ఆశ్చర్యపడి వెళ్తాయి. ఆ వచ్చేవాళ్లు ఆగిపోతే గంగప్ప ముప్పై ఏళ్ల నౌకరీ నాలుగు ఖాళీ గదులై నిలబడుతుంది. మునియమ్మ భయమంతా అదే.

ఇక్కడ రత్నమ్మ గురించి చెప్పాలి. రత్నమ్మది పక్కిల్లు. మధ్యలో రొమ్ము ఎత్తు గోడ. చుట్టరికం ఏమీ లేదు గాని చిన్నప్పుడు ఇద్దరూ ఒకే చేలో కూలికి పోయినవాళ్లు, అందుకని రత్నమ్మ మునియమ్మను వదినా అంటుంది. పదిహేనుమందికి సంగటి చెయ్యాలంటే ఒక్క మనిషి చాలదు. ఒకరు కుండ కదలకుండా అదిమి పట్టాలి, ఒకరు కట్టెతో కెలకాలి. కాబట్టి మునియమ్మ సంగటికి రత్నమ్మ వస్తుంది, రత్నమ్మ చేలో చెనక్కాయ పీకేటప్పుడు, టమోటా కోసేటప్పుడు మునియమ్మ వెళ్తుంది. ఎవరు ఎన్నిసార్లు వెళ్లారో ఇద్దరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

వాళ్లిద్దరూ మాట్లాడుకునే పద్ధతి తిట్టుకోవడం. పొద్దున్నే గోడ దగ్గర మొదలయ్యేది.

"ఏమే రత్నమ్మా, పొద్దు బారెడెక్కింది, ఇంకా యాడ సచ్చినావే?"

"వస్తాండానులే వదినా, నీ జిమ్మడ! నీ సంగటి యాడికన్నా పారిపోతాదా?"

"నీ నోట్లో మన్నుపడ, ఎసురు మరిగి మరిగి ఇగిరిపోతాండాది, సూడు!"

అట్లా గంటసేపు తిట్టుకుని, మధ్యాహ్నం ఒకే పళ్లెంలో సంగటి ముద్దను చెరిసగం చేసుకుని తినేవాళ్లు. తిట్టు వినిపించలేదంటే ఇద్దరిలో ఒకరికి జ్వరం అని ఊరంతటికీ లెక్క. రత్నమ్మ మొగుడు పోయినప్పుడు ఆమె పన్నెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. పదమూడో రోజు పొద్దున మునియమ్మ గోడ దగ్గరికి పోయి, "ఏమే, ఇట్లే పండుకోని వానితోపాటే పోతావా? లెయ్యే, కుండ పట్టుకునేదానికి మనిషి లేక సస్తాండాను!" అని ఊరు దద్దరిల్లేలా తిట్టింది. రత్నమ్మ ఏడ్చుకుంటూ లేచి, మొహం కడుక్కుని, తిరిగి తిట్టుకుంటూ వచ్చి కుండ పట్టుకుంది. ఆ మాటను వాళ్లిద్దరూ ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు.

నవంబరు నెలలో ఒక మంగళవారం మండలి క్షేత్ర పరిశీలకుడు గిరిబాబు వచ్చాడు. పుట్టింది పక్కనున్న సదుంలోనే గాని, ఢిల్లీలో మూడు రోజుల వర్క్‌షాపుకు పోయి వచ్చినప్పటి నుంచి అచ్చుపుస్తకంలా మాట్లాడుతున్నాడు. చేతిలో ట్యాబు, భుజాన సంచి, సంచిలో టేపు. తువ్వాళ్లు కొలిచాడు. బకెట్లు కొలిచాడు. కిటికీలోంచి కనిపించే కొండ కూడా కొలుద్దామని చూసి, అది పర్యావరణ విభాగం కిందికి వస్తుందని మానుకున్నాడు. అన్నీ బాగున్నాయి. నలభై ఒకటో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి వంటింట్లో రత్నమ్మ కనిపించింది.

"ఈమె మీ ఉద్యోగా?"

"ఈమె రత్నమ్మప్పా."

"పేరు కాదమ్మా, హోదా."

"పక్కింటామె."

"వేతనం ఎంత?"

"వేతనమేందప్పా! నా సంగటికి ఆమె వస్తాది, ఆమె చెనక్కాయకి నేను పోతాను."

గిరిబాబు ట్యాబులో చాలాసేపు వెతికాడు. నెలజీతం, వారంకూలి, రోజుకూలి అని ఉన్నాయి గాని 'ఆమె వస్తాది, నేను పోతాను' అన్నది లేదు. చివరికి 'వేతనం: వేరుశనగ' అని రాసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కుండ ఒక పక్కకు జారింది. మునియమ్మ అలవాటు కొద్దీ, "నీ చేతులిరగ! గట్టిగా పట్టుకోవే, కళ్లు యాడ పెట్టుకోనుండావు?" అని అరిచింది. గిరిబాబు ట్యాబులో 'అంగవైకల్యం కలిగిస్తానని యజమాని బెదిరింపు' అని రాసి, దాని కింద ఎర్రగీత గీశాడు.

నిబంధన ప్రకారం పనిమనిషిని యజమానికి వినిపించనంత దూరంలో విచారించాలి. రత్నమ్మను దొడ్లో ఆవు అవతలికి తీసుకుపోయాడు. (ఆవు పుంగనూరు జాతిది, పొట్టిది, దాని అవతల నిలబడితే ఇద్దరూ నడుము పైనుంచి పూర్తిగా కనిపిస్తూనే ఉన్నారు. మాటలు కూడా వినిపిస్తూనే ఉన్నాయి.)

"ఆమె మిమ్మల్ని రోజూ తిడుతుందా?"

"తిడతాది సారూ. తిట్టకుండా ఎట్లుంటాది?"

"మీకు బాధగా ఉంటుందా?"

"తిట్టకపోతే ఉంటాది."

'బాధితురాలు బాధకు పూర్తిగా అలవాటు పడిపోయింది' అని గిరిబాబు రాసుకున్నాడు. ఆ రాసేటప్పుడు అతని కళ్లు కొంచెం చెమర్చాయి కూడా. మనిషి చెడ్డవాడు కాడు. ఆ పైన మునియమ్మ పెట్టిన సంగటి రెండు ముద్దలు తిని, "ఇంకొంచెం ఊరిబిండి ఉండాదా అమ్మా?" అని సదుం భాషలో అడిగి, చెయ్యి కడుక్కోగానే మళ్లీ అచ్చుపుస్తకంలోకి వెళ్లిపోయాడు.

పది రోజులకు మండలి నుంచి ఉత్తరం వచ్చింది. గంగప్ప కళ్లద్దాలు పెట్టుకుని చదివి వినిపించాడు. ఒకటి, ఇంటి ఆవరణలో యాభై ఐదు డెసిబెల్స్‌కు మించి ఎవరూ నోరెత్తరాదు. రెండు, పనిమనిషిని 'గారు' అని సంబోధించాలి. మూడు, గోడకు ఫిర్యాదు పెట్టె బిగించాలి. తాళంచెవి మదనపల్లె ఆఫీసులో ఉంటుంది, మూడు నెలలకొకసారి పరిశీలకుడు వచ్చి తెరుస్తాడు. ఆ మూడు నెలల్లో కనీసం నాలుగు ఫిర్యాదులు వచ్చి ఉండాలి. రాకపోతే భయపెట్టినట్టు లెక్క. వాటిని పరిష్కరించినట్టు యజమాని సంతకం చేయాలి. ఇవన్నీ సవ్యంగా జరిగితే ఉగాదికి ముందే ఆకు. ఇంకా ఆవు విషయం పుంగనూరులోనూ, రత్నమ్మ విషయం కుప్పంలోనూ తేల్చుకోవాలి.

మునియమ్మ గోడ దగ్గరికి పోయింది. "ఏమే, ఇంకమీద నేను నిన్ను తిట్టకూడదంట."

"యాల?"

"నీకు బాధంట."

"నాకా? నాకెవురు చెప్పినారు?"

"నువ్వే నాలుగు ఫిర్యాదులు కూడా రాయాలంట, నామీద."

రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మునియమ్మ నవ్వలేదు. గదుల సంగతి, గంగప్ప సంగతి చెప్పింది. రత్నమ్మ నవ్వు ఆపేసి, "సరే వదినా, మూడు నెల్లే గదా, నీకోసరం నోరు కట్టేసుకుంటాలే," అంది.

ముందు ఆవు పని చూశారు. అతిథుల పిల్లలు ఆ పొట్టి ఆవు మెడ చుట్టూ చేతులేసి ఫోటోలు దిగుతారు కాబట్టి అందుకు ఆవు సమ్మతి అవసరం. మండలివారి జంతు గౌరవ విభాగం పుంగనూరులో ఉంది. ఆవు స్వయంగా హాజరు కావాలన్నారు. ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని పోతే, గంగాధర్ అనే అధికారి బయటికొచ్చి, ఆవును వాహనంలో తీసుకురావడం దాని గౌరవానికి భంగమని ముందు మందలించి, తర్వాత సమ్మతి పత్రం దాని ముందు పెట్టాడు. ఆవు ఒక నిమిషం చదివినట్టు చూసి, పత్రాన్ని నమిలి మింగేసింది. గంగాధర్ రిజిస్టరులో 'నిబంధనలను పూర్తిగా స్వీకరించినది' అని రాసి స్టాంపు వేశాడు. మండలి పెట్టిన పనుల్లో ఏ చిక్కూ లేకుండా అయింది అదొక్కటే.

రత్నమ్మ కుప్పం వెళ్లడం అంత తేలిగ్గా కాలేదు. రెండు బస్సులు మారి పోవాలి. అక్కడ ఫిర్యాదు నైపుణ్య శిక్షణ, రెండు రోజులు, భోజనంతో. శిక్షకురాలు హేమలత నెమ్మదిగా, కళ్లలోకి చూస్తూ మాట్లాడే మనిషి. కుప్పం కాబట్టి క్లాసులో సగంమంది కన్నడంలోనూ తమిళంలోనూ ఫిర్యాదు చేస్తున్నారు, హేమలత అన్నిటికీ ఒకే రకంగా తల ఊపుతోంది. రత్నమ్మ వంతు వచ్చింది. ఆమె లేచి, చలి జాస్తిగా ఉండాదని చెప్పింది. అది మండలి పరిధిలోకి రాదన్నారు. చిన్నకోడలు సంగటి తినదని చెప్పింది. అదీ రాదన్నారు. మీ యజమాని గురించి చెప్పండి అన్నారు. రత్నమ్మ "ఆమె చెయ్యి మంచిది," అని కూర్చుంది. (ఆ రాత్రి శిక్షణకొచ్చినవాళ్లకిచ్చిన గదిలో నీళ్లు రాలేదు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఫారం మీద 'మీ సొంత యజమాని గురించి మాత్రమే' అని ఉంది మరి.)

రెండో రోజుకు ఆమెకు కిటుకు పట్టుబడింది. ఏ మంచి విషయాన్నైనా తీసుకుని చివర 'అందువల్ల నాకు మనోవేదన కలుగుతోంది' అని కలిపితే ఫిర్యాదు అవుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఒక ఫైలు, ఒక పెన్ను, లామినేషన్ చేసిన సర్టిఫికెట్టు తెచ్చుకుంది.

ఈలోపల గిరిబాబు వంటింటి గోడకు ఒక చిన్న మిషను బిగించి పోయాడు. చప్పుడు ఎక్కువైతే ఎర్రలైటు వెలుగుతుంది, వెలిగిన ప్రతిసారీ మదనపల్లెలో నమోదవుతుంది. కుక్కరు కూతకు వెలిగింది. పక్కింటి కోడిపుంజుకు వెలిగింది. గంగప్ప తుమ్మితే డెబ్బై ఒకటి చూపించింది. జీవితంలో పెద్దగా నోరెత్తని ఆ మనిషి అప్పటి నుంచి తుమ్ము వస్తోందనిపిస్తే ముక్కు పట్టుకుని చేను గట్టు దాకా పరిగెత్తేవాడు.

పొద్దున్నే గోడ దగ్గర ఇలా ఉండేది.

"రత్నమ్మ గారూ, దయచేసి వస్తారా?"

మొదటి రోజు రత్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. "ఎవురిని పిలస్తాండావు వదినా?"

"నిన్నే. మిమ్మల్నే."

"అట్లనా," అంది రత్నమ్మ. వచ్చి కుండ పట్టుకుంది. ఆ రోజు సంగటి ఉండలు కట్టింది. పాత రోజులైతే దానికి తగిన తిట్లు మునియమ్మ దగ్గర కనీసం ఏడున్నాయి. ఆమె మిషను వైపు చూసి, నోట్లోకి వచ్చిన ఏడూ మింగి, "పర్వాలేదండీ," అంది. ఆ 'అండీ' విని రత్నమ్మ మొహం నీళ్లు చల్లిన పొయ్యిలా అయిపోయింది.

ఇక మెల్లమెల్లగా జరగాల్సినవి జరిగాయి. రత్నమ్మ పొద్దున వచ్చి మండలివారి హాజరుపట్టీలో సంతకం పెట్టి, కుండ పట్టుకుని, సంతకం పెట్టి వెళ్లిపోయేది. మధ్యాహ్నం ముద్ద తన ఇంట్లోనే తినేది. 'పనివారు, యజమాని వేరు వేరు చోట్ల భోజనం చేసే స్వేచ్ఛ' అని ఫారంలో ఒక గడి ఉంది, అందులో టిక్కు పడింది. మునియమ్మకు మాత్రం ఆ ముద్ద గొంతు దిగేది కాదు. అరవై ఏళ్ల మనిషి, ఇంటి వెనక్కి పోయి, ఎవరినీ తిట్టడానికి లేక ఊరికే గోడ వైపు చూస్తూ నిలబడేది. ఆ గోడ అంత ఎత్తుందని ఆమెకు అంతకుముందు తెలియదు.

సంక్రాంతి అయ్యాక బెంగళూరు నుంచి కీర్తి అనే అమ్మాయి వచ్చింది. ఆమె అంతకుముందు రెండుసార్లు వచ్చి దిగిన మనిషే. పొద్దున్నే లేచి వంటింటి గుమ్మంలో నిలబడి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఆంటీ, మీకూ రత్నమ్మాంటీకీ ఏమైనా గొడవైందా?"

"ల్యాదమ్మా. యాల?"

"మరి తిట్టుకోవడం లేదెందుకు?"

మునియమ్మ గోడ మీది మిషను వైపు చూసి, పొయ్యిలో కట్టె ఎగదోసింది. కీర్తి వెళ్లాక యాప్‌లో రాసింది: భోజనం బాగుంది, గదులు శుభ్రంగా ఉన్నాయి, కాని ఇంట్లో ఎవరో పోయినట్టుంది. (మండలి దీన్ని 'ప్రశాంత వాతావరణం' అనే శీర్షిక కింద చేర్చుకుంది.)

ఫిబ్రవరిలో మునియమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ఒక చీటీ మీద 'రత్నమ్మ నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు' అని రాసి పెట్టెలో వేయబోయి, ఎందుకైనా మంచిదని ముందు మదనపల్లెకు ఫోను చేసింది. యజమానులకు ఫిర్యాదు చేసే సౌకర్యం లేదని అక్కడివాళ్లు చెప్పారు.

"మాకు మాత్రం బాధలుండవా అప్పా?"

"ఉండవనే మా అంచనా అమ్మా. ఉంటే ఫారంలో గడి ఉండేది కదా."

ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

మార్చి మొదటివారంలో గిరిబాబు తాళంచెవితో వచ్చాడు. పెట్టె తెరిచాడు. సరిగ్గా నాలుగు చీటీలున్నాయి. ఆవు అవతలికి పోయి ఒక్కొక్కటీ చదువుకున్నాడు. నాలుగోది చదివి రెండోసారి చదివాడు. అతని మొహం వెలిగిపోయింది.

"ఏం రాసిండాదప్పా?" అంది మునియమ్మ.

"గోప్యం అమ్మా. ఫిర్యాదు చేసినవారెవరో యజమానికి తెలియకూడదు."

"ఈడ ఉండేది ఆమె ఒక్కతే గదా?"

"అందుకే మరింత గోప్యం."

చీటీల మీద అరచెయ్యి కప్పి, కింద అంచు మాత్రం కనిపించేలా పట్టుకుని, 'సంతృప్తికరంగా పరిష్కరించితిని' అన్నచోట నాలుగుసార్లు సంతకం పెట్టించుకున్నాడు. ఏం పరిష్కరించిందో తెలియకుండానే మునియమ్మ అన్నీ పరిష్కరించింది. గోడ అవతల నుంచి రత్నమ్మ ఆ సంతకాలు చూస్తూ నిలబడింది. నాలుగో సంతకం అయ్యాక లోపలికి వెళ్లిపోయి తలుపేసుకుంది.

ఆకుల ప్రదానం ఉగాదికి వారం ముందు మదనపల్లెలో ఒక కల్యాణమండపంలో పెట్టారు. యజమానుల ఒత్తిడి పనివాళ్ల మీద పడకుండా యజమానులను ఎడమవైపు, పనివాళ్లను కుడివైపు కూర్చోబెట్టారు. మధ్యలో రిబ్బను కట్టారు. గంగప్పతో పాటు ఒకే బస్సులో వచ్చిన మునియమ్మ, రత్నమ్మ రిబ్బనుకు చెరోపక్క కూర్చున్నారు. వేదిక పక్కన పెద్ద డెసిబెల్ మిషను పెట్టారు, అందరికీ కనిపించేలా.

మండలి అధ్యక్షుడు భీమరావు లేచి, ఈ ఏడాది మూడు ఆకులు ఒకే ఒక్క ఇంటికి దక్కాయని, అది మునియమ్మ గారి ఇల్లని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. ఫిర్యాదుల వ్యవస్థ ఎంత గొప్పగా పనిచేస్తోందో చెప్పడానికి కొన్ని ఫిర్యాదులు చదువుతానని, అయితే గోప్యత కోసం పేర్లు చెప్పనని అన్నాడు.

"హార్స్‌లీ కొండ దారిలో, పొట్టి ఆవున్న ఇంటి పక్కింట్లో నివసించే ఒక అజ్ఞాత మహిళ రాసిన ఫిర్యాదులివి," అని కాగితం విప్పాడు. "ఒకటి. యజమాని గారు నాకంటే ముందు నిద్ర లేస్తున్నారు, అందువల్ల నాకు మనోవేదన కలుగుతోంది. రెండు. యజమాని గారు నాకు పెద్ద ముద్ద పెట్టి తాను చిన్న ముద్ద తింటున్నారు, అందువల్ల నాకు మనోవేదన కలుగుతోంది. మూడు. నాకు జ్వరమొచ్చినప్పుడు యజమాని గారు అనుమతి లేకుండా మా ఇంట్లోకి వచ్చి కషాయం తాగించారు, అందువల్ల మనోవేదన."

హాలంతా మెచ్చుకోలుగా తల ఊపింది. కుప్పం నుంచి వచ్చిన హేమలత గర్వంగా అటూ ఇటూ చూసింది.

"నాలుగోది ఉన్నదున్నట్టు చదువుతాను," అన్నాడు భీమరావు. "వదిన నన్ను తిట్టి మూడు నెలలాయ. పొద్దున లేస్తే గోడవతల సప్పుడే లేదు. నన్ను గారూ అంటాది. నేను పరాయిదాన్నయిపోయినట్టుండాది. మా ఇంటాయన పోయినపుడు కూడా నాకు ఇంత ఒంటిగా అనిపించలేదు. ఈ మాట ఎవురికి చెప్పుకోవాల్నో తెలీక పెట్టెలో ఏస్తాండాను."

కాగితం మడిచి, కళ్లద్దాలు తీసి, "చూశారా! మూడు నెలలుగా ఒక్క తిట్టు లేదు. బాధితురాలే స్వయంగా ధ్రువీకరిస్తోంది!" అన్నాడు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు.

మునియమ్మ చప్పట్లు కొట్టలేదు. ఆమెకు కళ్లు మసకబారాయి. పరిష్కరించితిని అని తాను సంతకం పెట్టింది దీని మీదనా! గోడ అవతల నుంచి రత్నమ్మ చూస్తుండగానే! కుర్చీలోంచి లేచింది. రిబ్బను దగ్గరికి నడిచింది. మూడు నెలలుగా మింగినవన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"ఏమే, నీ జిమ్మడ! నోరుండే నన్ను పక్కన పెట్టుకోని, నోరు లేని పెట్టెకి చెప్పుకుంటావంటే?"

హాలంతా అటు తిరిగింది. మిషను ఎనభై ఎనిమిది చూపించింది.

రత్నమ్మ కూడా లేచింది. "నువ్వు నోరు కుట్టుకోని కూకుంటే ఇంకెవురికి చెప్పాల నేను? రత్నమ్మ గారంట, గారు! నీ గారు గంగలో కలవ!"

"నీకోసరమే గదే కుట్టుకున్నది, నీ నోట్లో మన్నుపడ!"

"నాకోసరమా, నీ గదుల కోసరమా?"

మునియమ్మ రిబ్బనును రెండు చేతులా పట్టుకుంది. "గదుల కోసరమేలే," అంది. "తప్పయిపోయింది. ఇంటికి పోదాం రా, నీ చేతులిరగ, మూడు నెల్లుగా సంగటి నోట్లో పెట్టలేకుండా ఉండాది!"

తొంభై నాలుగు. గిరిబాబు రిబ్బను దూకి వచ్చి, "నోరు మూసుకోండే ఇద్దురూ! ఆకు పోతాది!" అని సదుం భాషలో కేక వేశాడు. మిషను నూట రెండు చూపించింది. (అది కూడా తర్వాత యజమాని ఖాతాలోనే పడింది.) అప్పటికి రత్నమ్మ రిబ్బను ఎత్తి కిందినుంచి దూరి ఇవతలికి వచ్చేసింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఏడుస్తూ, నవ్వుతూ, తిట్టుకుంటూ బయటికి నడిచారు. భీమరావు చేతిలో మూడాకుల పలక అట్లాగే ఉండిపోయింది. గంగప్ప వాళ్ల వెనకే వెళ్తూ, గుమ్మం దాటాక, మూడు నెలల తర్వాత హాయిగా ఒక తుమ్ము తుమ్మాడు.

ఉగాది దాటింది. యాప్‌లో మునియమ్మ ఇల్లు కనిపించడం లేదు. ఎండాకాలమంతా ఎవరూ రాలేదు. ఉష ఫోనులో రెండుసార్లు ఏడ్చింది. రెండు గదుల్లో రత్నమ్మ చెనక్కాయ మూటలున్నాయి, మూడో గదిలో ఆవు కోసం దాచిన గడ్డి ఉంది. నాలుగో గదికి తాళం. గంగప్ప సాయంత్రాలు ఆ తాళం వైపు చూస్తూ కూర్చుంటాడు. పొద్దున మాత్రం గోడ దగ్గర అరుపులు మునుపటికంటే ఎక్కువగా వినిపిస్తున్నాయని ఊళ్లో చెప్పుకుంటున్నారు.

మే నెలలో మండలి నుంచి ఒక కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలున్నాయి. మొదటిది: 'ఫిర్యాదు సంఖ్య నాలుగు. విషయం: యజమాని తిట్టడం లేదు. ప్రస్తుత స్థితి: తిడుతున్నారు. పరిష్కరించబడినది.' మండలి పుట్టినప్పటి నుంచి వచ్చిన వేలాది ఫిర్యాదుల్లో సంతకంతో కాకుండా నిజంగా తీరింది ఈ ఒక్కటేనని గిరిబాబు ఆ తర్వాత సంగటి తింటూ ఒప్పుకున్నాడు. రెండో కాగితం ఆకు రద్దు ఉత్తర్వు. అందులో 'రద్దుకు కారణం' అన్న గడిలో ఇలా ఉంది: 'ఫిర్యాదు సంఖ్య నాలుగును పరిష్కరించడం.'